టకటక మొదలవకముందే: పాత కారు ముందు యాక్సిళ్ల సంగతి

(రికార్డింగు విని రాసిన పాఠం. రాలేకపోయినవారి కోసం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. ఇవాళ నేను మాట్లాడేది ముందు చక్రాలు లాగే కార్ల గురించి మాత్రమే. వెనక చక్రాలు లాగే బండ్లవాళ్లు కొంచెం ఓపిక పట్టండి, మీ కష్టాలు వేరు, వాటికి ఇంకో రోజు కూర్చుందాం.

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "మలుపు తిప్పుతుంటే ముందు టకటకమంటోంది, యాక్సిల్ మార్చాలంటున్నారు, మార్చాలా?" దీనికి నా దగ్గర రెండు ముక్కల జవాబుంది. రాసుకునేవాళ్లు ఈ రెండు ముక్కలూ రాసుకోండి, మిగతాది వింటే చాలు. ఒకటి, చప్పుడు మొదలయ్యాక గ్రీజు పెట్టి లాభం లేదు. రెండు, చప్పుడు మొదలవకముందు యాక్సిల్ మార్చాల్సిన పని లేదు. మళ్లీ చెప్తున్నాను. చప్పుడొచ్చాక గ్రీజు దండగ, చప్పుడు రాకముందు యాక్సిల్ దండగ. మనవాళ్లు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తున్నారు. టకటకమనేదానికి కొత్త బూటు, అంటే దాన్ని కప్పే రబ్బరు తొడుగు, వేస్తున్నారు. నిక్షేపంలా ఉన్నదాన్ని, బూటు చిరిగిందని మొత్తం తీసి పారేస్తున్నారు. ఎందుకిలా? లోపల ఏముందో చూడకుండా నిర్ణయం తీసుకోవడం వల్ల.

కాబట్టి ముందు లోపల ఏముందో చూద్దాం. ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నది ఒక పాత కారులోంచి తీసిన డ్రైవ్ షాఫ్టు, మనం యాక్సిల్ అనేది దీన్నే. గేర్ బాక్సు నుంచి ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. చాలా కార్లలో రెండూ ఒకే పొడవు ఉండవు, గేర్ బాక్సు ఒక పక్కకి ఉంటుంది కదా, అందుకని. ఇక ఈ మధ్యలో ఉన్న కడ్డీ చూడండి. దీనికి దాదాపు ఏమీ కాదు. అరిగేవి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఉన్న జాయింట్లు. చక్రం వైపుది ఔటర్ జాయింటు, గేర్ బాక్సు వైపుది ఇన్నర్ జాయింటు.

ఈ జాయింట్లు ఎందుకు కావాల్సి వచ్చాయి? ముందు చక్రం పని ఎంత ఉందో చూడండి. బండిని లాగాలి, స్టీరింగు ఎటు తిప్పితే అటు తిరగాలి, గుంత వస్తే పైకీ కిందకీ ఊగాలి. ఇన్ని వంకర్లు పోతున్నా దానికి అందే వేగంలో తేడా రాకూడదు. లారీల కింద ప్లస్ గుర్తులా ఉండే క్రాస్ జాయింటు చూసే ఉంటారు. అది వంగి తిరిగితే ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. వంపు పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. ముందు చక్రానికి అదొక్కటే పెట్టారనుకోండి, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా చేతులకి కొడుతుంది. ఈ గొడవకి మందు వేసినాయన ఆల్ఫ్రెడ్ జెప్పా, 1920లలో, ఫోర్డు కంపెనీ ఇంజనీరు. ఇప్పటికీ మన కార్ల ఔటర్ జాయింట్లలో ఉన్నది ఆయన పద్ధతే. 1959లో వచ్చిన మినీ కారులో కూడా ఇదే. ఆ తర్వాత చిన్న కార్లు చాలావరకు మెల్లగా ముందు చక్రాలవైపు వచ్చేశాయి.

ఇది విప్పి పెట్టాను, చూడండి. బయట గిన్నెలాంటిది, లోపల ఆరు గాళ్లు, అంటే పొడుగ్గా కోసిన గాడులు. మధ్యలో ఇంకో ముక్క, దానికీ ఆరు గాళ్లు. ఆ గాళ్ల మధ్యలో ఆరు స్టీలు గుండ్లు. గుండ్లని పట్టుకుని ఉండే ఈ చట్రాన్ని కేజ్ అంటారు. దీని పనే అసలు తెలివి. షాఫ్టు ఎంత వంగినా గుండ్లన్నీ ఆ వంపుకి సరిగ్గా సగం దగ్గర ఉండేలా ఇది చూస్తుంది. అందుకే వేగంలో తేడా రాదు.

ఇన్నర్ జాయింటు వేరే రకం. ఎక్కువ కార్లలో మూడు కాళ్లది, మూడు రోలర్లు మూడు గాళ్లలో జారుతుంటాయి. చక్రం పైకీ కిందకీ ఊగినప్పుడు షాఫ్టు పొడవు సరిపోవాలి కదా, ఆ సర్దుబాటు ఇక్కడ జరుగుతుంది. ఇన్నర్ జాయింటు లోపలికీ బయటికీ జారుతోందని కంగారు పడి మార్చినవాళ్లున్నారు. అది జారకపోతే కంగారు పడాలి!

ఇప్పుడు అసలు దోషి దగ్గరికి వద్దాం. ఈ రబ్బరు బూటు. ముడతలు ముడతలుగా, రెండు చివర్లా బిగించిన క్లాంపులతో. ఇంత గట్టి స్టీలు జాయింటు ప్రాణం ఈ రబ్బరులో ఉంది. లోపల గ్రీజు ఉంటుంది, ఎక్కువగా మాలిబ్డినం డైసల్ఫైడు కలిపిన నల్ల గ్రీజు. బూటు చిరిగితే రెండు జరుగుతాయి. షాఫ్టు తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. మిగిలిన కాస్త గ్రీజుకీ దుమ్మూ నీళ్లూ తోడవుతాయి. గ్రీజులో సన్న ఇసుక కలిస్తే ఏమవుతుందో చెప్పండి? సానపట్టే ముద్ద అవుతుంది. తిరిగిన ప్రతి చుట్టూ జాయింటుని తనని తానే అరగదీసుకునేలా చేస్తుంది.

అయితే టకటక ఎందుకొస్తుంది? ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. కారు ఎక్కువసేపు తిన్నగానే పోతుంది. అంటే గుండ్లు ఎక్కువకాలం గాళ్ల మధ్య భాగంలోనే కూర్చుని పనిచేస్తాయి. అరుగుదల కూడా అక్కడే. క్రమంగా అక్కడ చిన్న గుంటలా పడుతుంది. తిన్నగా పోతున్నంతసేపూ గుండు ఆ గుంటలోనే ఉంటుంది కాబట్టి మీకు ఏమీ వినపడదు. స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కారా, ప్రతి చుట్టులో గుండు ఆ గుంట అంచెక్కి దిగుతుంది. టక్. ఇంకో గుండు, టక్. అదీ సంగతి. ఇప్పుడు ఆలోచించండి, గాడిలో పడ్డ గుంటని గ్రీజు పూడుస్తుందా? అందుకే అన్నాను, చప్పుడొచ్చాక గ్రీజు దండగ అని. కొత్త గ్రీజు వేస్తే కొన్నాళ్లు చప్పుడు మెత్తబడొచ్చు. అంతే. జబ్బు పోలేదు.

ఈ గిన్నె ఒకసారి చేతులు మార్చుకుంటూ చూడండి. గాడిలో గోరు పెట్టి లాగండి. మధ్యకి వచ్చేసరికి గోరు ఆగుతుంది, తెలుస్తోందా? కంటికి అద్దంలా మెరుస్తోంది, గోటికి మాత్రం దొరికిపోతోంది. అది ఆగిందంటే ఆ జాయింటు పని అయిపోయినట్టే.

మరి ఏ చప్పుడు దేనిది? మలుపులో, యాక్సిలరేటర్ మీద, చక్రం వేగంతో పాటు వేగం పెరిగే టకటక ఔటర్ జాయింటుది. ఖాళీ స్థలం చూసుకుని స్టీరింగు ఒక వైపుకి పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి, తర్వాత రెండో వైపుకి, తర్వాత రివర్సులో. అద్దాలు దించి, రేడియో ఆపి. తిన్నగా పోతూ గట్టిగా తొక్కినప్పుడు బండి అటూ ఇటూ వణికి, కాలు తీయగానే ఆగిపోతే ఇన్నర్ జాయింటుని అనుమానించండి. కాలు తీసినా తీయకపోయినా ఒక వేగంలో అదే వణుకు వస్తోందంటే, ముందు టైర్ల బ్యాలెన్సింగు చూసుకోండి. హూమ్మని మూలుగులా ఉండి, మెల్లగా అటూ ఇటూ తిప్పితే ఆ మూలుగు మారుతోందంటే అది చాలావరకు చక్రం బేరింగు. దానికి యాక్సిల్ మార్చి, చప్పుడు పోలేదని మళ్లీ కొట్లాటలు. గేరు ముందుకి వెనక్కి మార్చినప్పుడు ఢక్ మంటే దానికి పది కారణాలుంటాయి, ఇంజను మౌంటింగులు సహా. ఒక్క ఢక్ విని యాక్సిల్ మీదికి తోసేయకండి.

కుడివైపుకి తిప్పినప్పుడు వస్తే ఎడమది, ఎడమవైపుకి తిప్పితే కుడిది అని ఒక సూత్రం చెప్తుంటారు. చాలాసార్లు నిజమే. కానీ చప్పుడు ఇనుములో ఎక్కడెక్కడికో పాకుతుంది. నేను దాన్నొక్కదాన్నే నమ్మి చెయ్యి పెట్టను. బండి కిందకి వెళ్లి, షాఫ్టుని ఔటర్ జాయింటు పక్కన పట్టుకుని పైకీ కిందకీ ఊపుతాను. అక్కడ లూజు ఉండకూడదు. గుండ్రంగా తిప్పి చూస్తే మాత్రం కొంచెం ఆట ఉంటుంది, అందులో గేర్ బాక్సు పళ్ల ఆట కూడా ఉంటుంది కాబట్టి దానికి భయపడక్కర్లేదు.

అలాగే నడిపితే ఏమవుతుంది అంటారా? కొన్నాళ్లు ఏమీ కాదు, చప్పుడు పెరుగుతుంది. చివరికి ఒకరోజు కేజ్ పగులుతుంది, లేదా జాయింటు విడిపోతుంది. ఇంజను తిరుగుతుంది, బండి కదలదు. గేర్ బాక్సులో రెండు చక్రాలకీ బలాన్ని పంచే డిఫరెన్షియల్ సుళువుగా తిరిగే వైపుకే తిప్పుతుంది, తెగిన వైపు ఊరికే తిరుగుతుంది, రెండో చక్రం కదలదు. ఆటోమేటిక్ గేరు ఉన్నవాళ్లు ఇది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. పార్కులో పెట్టినా బండి ఆగదు. పార్కు గేరు పట్టుకునేది గేర్ బాక్సుని, చక్రాన్ని కాదు. ఒక యాక్సిల్ విడిపోతే ఆ పట్టు చక్రాలదాకా చేరదు. వాలు మీదుంటే బండి దొర్లుతుంది. హ్యాండు బ్రేకు వేశాకే దిగండి. ఇది సరదాకి చెప్పడం లేదు.

ఇప్పుడు నిర్ణయం. బూటు చిరిగింది, చప్పుడు లేదు. అంటే ఇంకా టైముంది, కానీ ఎక్కువ లేదు. షాఫ్టు దింపి, జాయింటు విప్పి, కిరసనాయిలుతోనో పార్టులు కడిగే ద్రావకంతోనో శుభ్రంగా కడగండి. విప్పేముందు మధ్య ముక్కకీ కేజ్‌కీ గిన్నెకీ ఒకే వరుసలో గుర్తులు పెట్టుకోండి, ఏ గుండు ఏ గాడిలోదో ఆ గాడిలోకే వెళ్లాలి. కేజ్‌ని పక్కకి వంచితే గుండ్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. పూర్తిగా ఆరాక గోటితో చూడండి. గోరు ఆగలేదా, గుండ్ల మీద చుక్కలు లేవా, కేజ్ కిటికీల్లో గుండు వదులుగా లేదా? అయితే ఆ జాయింటు బంగారం. కొత్త బూటు కిట్టులో వచ్చిన గ్రీజు ప్యాకెట్టు మొత్తం వేసేయండి. సగం దాచుకోకండి, ఆ కొలత లెక్కతోనే ఇస్తారు. ఇన్నర్‌కి, ఔటర్‌కి వేరువేరు గ్రీజులిస్తే కలపకండి, డబ్బాలో ఉన్న మామూలు గ్రీజు అసలు వేయకండి. క్లాంపు బిగించేముందు సన్న స్క్రూడ్రైవరు బూటు అంచు కింద దూర్చి లోపలి గాలి సర్దండి, లేకపోతే బూటు ఉబ్బో, లోపలికి పీక్కునో ఉంటుంది. ప్లాస్టిక్ టై పెట్టి సరిపెడదామనే ఆలోచన వద్దు. అది వదులైతే మీరు చేసిన పనంతా రోడ్డు పాలు.

షాఫ్టు దింపకుండా వేసే చీలిక బూట్లు దొరుకుతాయి, జిగురు పెట్టి అతికించేవి. నాకు వాటి మీద నమ్మకం లేదు. అతుకు దగ్గర ఒక్క గ్రీజు మరక ఉన్నా ఊడొస్తుంది, పైగా జాయింటు కడగడం కుదరదు. లోపల ఇసుక ఉంచి మూత పెట్టినట్టు.

చప్పుడు ఉంటే రెండు దార్లు. ఔటర్ జాయింటు ఒక్కటీ మార్చడం, లేదా షాఫ్టు మొత్తం మార్చడం. ఇన్నర్ బాగుంటే, కంపెనీ షాఫ్టు అయితే, నేను జాయింటు ఒక్కటే మార్చమంటాను. ఎందుకంటే చౌకలో దొరికే కొత్త షాఫ్టులన్నీ పాత అసలుదానికి సాటిరావు. కొన్నింటిలో ఇన్నర్ జాయింటు కొలతలు సరిగ్గా కుదరక, ఆటోమేటిక్ బండి గేరులో ఉండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వణుకు మొదలవుతుంది. అంతకుముందు లేని జబ్బు! రీకండిషను చేసినవీ రెండు రకాలు. గాళ్లని మళ్లీ కోసి, దానికి తగ్గ పెద్ద గుండ్లు వేసినవి ఒక రకం. కడిగి, రంగేసి, కొత్త బూటు తొడిగినవి ఇంకో రకం. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. ఏం చేశారని అడగండి. సూటిగా జవాబు చెప్పనివాడి దగ్గర కొనకండి.

ఏది కొన్నా, బండికి ఎక్కించకముందు పాతదాని పక్కన పడుకోబెట్టండి. పొడవు, షాఫ్టు రెండు చివర్లా కోసి ఉండే పళ్ల లెక్క, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే ఔటర్ మీద పళ్ల రింగు ఉందా లేదా, ఉంటే పళ్లెన్ని. ఈ రింగు మర్చిపోయి అన్నీ బిగించాక డాష్ బోర్డు మీద లైటు వెలిగితే మళ్లీ మొదటికొస్తారు.

ఇక పని. నేను అన్ని మెట్లూ చెప్పను, మీ బండి పుస్తకం చెప్తుంది. తప్పులు జరిగే చోట్లే చెప్తాను.

మొదటిది, మధ్య నట్టు, అంటే చక్రం మధ్యలో షాఫ్టు చివర ఉండే పెద్ద నట్టు. బండి నేలమీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుని ఉండగా వదులు చేయండి. నట్టు అంచుని గాడిలోకి కొట్టి ఉంటే ముందు దాన్ని పైకి లేపాలి, పిన్ను ఉంటే తీయాలి. దీని బిగువు చక్రం నట్ల బిగువు కాదు, చాలా కార్లకి 200 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, కొన్నింటికి 300 దాటుతుంది. వదులు చేశాక బండిని కదపకండి. చాలా బండ్లలో బేరింగుని గట్టిగా పట్టి ఉంచేది ఆ నట్టే. నట్టు లేకుండా బరువు మోపి దొర్లిస్తే బేరింగు పాడవుతుంది. యాక్సిల్ మార్చబోయి బేరింగు కొనుక్కోవడం ఇలాగే. తర్వాత జాక్ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టండి. ఒట్టి జాక్ మీదున్న బండి కిందకి తల పెట్టొద్దు. ఇది నేను చెప్పాలా? చెప్పాలి, ప్రతిసారీ చెప్పాలి.

రెండోది, హబ్బులోంచి, అంటే చక్రం బిగించే మధ్య భాగంలోంచి, షాఫ్టు రాకపోవడం. పాత బండి, తుప్పు. పళ్ల మీద తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేయండి. నట్టుని మర చివరకి సమంగా ఎక్కించి, దాని మీద ఇత్తడి ముక్క పెట్టి కొట్టండి. ఒట్టి ఇనప సుత్తితో మర మీద కొట్టారా, షాఫ్టు వస్తుంది, కానీ కొత్త నట్టు ఇక ఎక్కదు. రాకపోతే షాఫ్టుని బయటికి నెట్టే పుల్లర్ అనే పనిముట్టు వాడండి, కోపం వాడకండి. బ్రేకు క్యాలిపర్ తీయాల్సి వస్తే తీగతో స్ప్రింగుకి కట్టండి, గొట్టానికి వేలాడదీయకండి.

మూడోది, గేర్ బాక్సు వైపు. షాఫ్టు పట్టుకుని లాగితే ఏమవుతుంది? ఇన్నర్ జాయింటు లోపల విడిపోతుంది, షాఫ్టు మీ చేతిలో, గిన్నె గేర్ బాక్సులో. లాగాల్సింది షాఫ్టుని కాదు, గిన్నెని. గిన్నెకీ గేర్ బాక్సుకీ మధ్య లివరు పెట్టి ఒక్క కుదుపు. లివరు ఆయిల్ సీలుకి తగలకూడదు. కొన్ని బండ్లలో గిన్నె బోల్టులతో బిగించి ఉంటుంది, అక్కడ ఈ తంటా లేదు. కింద ట్రే పెట్టుకోండి, గేర్ ఆయిలు వస్తుంది. రెండు వైపులా ఒకేసారి తీసేయకండి. కొన్ని గేర్ బాక్సుల్లో లోపలి పళ్లచక్రాలు పక్కకి జారి, మళ్లీ షాఫ్టు దూరకుండా పోతుంది. ఒకటి తీసి, పెట్టి, తర్వాత రెండోది.

షాఫ్టు బయటికొచ్చింది కదా, ఆయిల్ సీలు ఇప్పుడే మార్చేయండి. చిన్న వస్తువు, తర్వాత కారితే పనంతా మళ్లీ చేయాలి. సీలు పెదవికి కాస్త నూనె రాసి, పళ్లు సీలుకి గీసుకోకుండా తిన్నగా దూర్చండి. చివర సర్క్లిప్పు, అంటే షాఫ్టుని గేర్ బాక్సులో పట్టి ఉంచే తీగ రింగు, కొత్తది వేయండి. టిక్కుమని పడాలి. పడిందో లేదో గిన్నె పట్టుకుని బయటికి లాగి చూడండి, షాఫ్టు పట్టుకుని కాదు. మధ్య నట్టు కొత్తదే వాడండి, ఒకసారి బిగించి వంచిన అంచు మళ్లీ అంత పట్టు ఇవ్వదు. బండి నేలమీదకి దింపకముందే, బ్రేకు తొక్కి పట్టించి, బిగువు కొలిచే టార్క్ రెంచితో పుస్తకంలో ఉన్నంత బిగించి, అంచుని గాడిలోకి కొట్టండి. బండి స్టార్టు చేయకముందు గేర్ ఆయిలు మట్టం. ఇది మర్చిపోతే యాక్సిల్ బాగుంటుంది, గేర్ బాక్సు పోతుంది.

ఆ వెనక నుంచి ఒకాయన ఏదో అడుగుతున్నారు... ఆ, పాత బండ్లలోంచి తీసిన షాఫ్టు వేసుకోవచ్చా అని. వేసుకోవచ్చండీ. చౌక కొత్తదానికన్నా, బూటు చిరగని పాత కంపెనీదాన్నే నేను తీసుకుంటాను. కానీ చూసి తీసుకోండి. బూటు ముడతలు వేళ్లతో విప్పి లోతుల్లో పగుళ్లు చూడండి, ముఖ్యంగా లావు చివర దగ్గర. ఔటర్ జాయింటుని పూర్తిగా వంచి తిప్పండి, ఎక్కడా పట్టకూడదు, గీరినట్టు అనిపించకూడదు. బూటు మాత్రం తళతళలాడుతూ, మిగతాదంతా తుప్పు పట్టి ఉంటే, ఎవరో చిరిగిన తర్వాత మార్చారన్నమాట. ఒక క్లాంపు విప్పి గ్రీజు వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తగా ఉంటే తెచ్చుకోండి, గరగరలాడితే అక్కడే వదిలేయండి. ఇంటికి తెచ్చాక బూట్లు రెండూ మార్చి, కొత్త గ్రీజుతోనే ఎక్కించండి, ఎలాగూ చేతిలోనే ఉంది కదా.

ఇంకెవరైనా?